తాంబూలంలో ఇచ్చిన బండి

మా బావ ముత్యాలప్పను గురించి ధర్మవరంలో ఎవరిని అడిగినా రెండే మాటలు చెబుతారు. పట్టుచీర నేయడంలో చెయ్యి తిరిగినవాడని ఒకటి, పిచ్చోడని ఇంకొకటి. మొదటి మాట నిజమే. రెండో మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. తప్పు ఎవరిదో అడక్కుండా మనిషికి పేరు పెట్టేస్తే ఎట్లా? ఆ బండి కథను మా వీధిలో అందరూ నవ్వుతూనే చెబుతారు. నేను నవ్వుతూ చెప్పలేను. మా అక్క కదిరమ్మను ఆయనకిచ్చి చేశాక నేనూ ఆ ఇంట్లోనే రెండో మగ్గంలో కూర్చున్నాను. జరిగిందంతా నా కళ్ల ముందరే జరిగింది.

డెబ్బై నాలుగులో బయ్యన్న పెద్దకూతురి పెళ్లిచీర నేసింది మా బావే. బయ్యన్న గోరంట్ల పక్కన ఒక పల్లెలో పెద్ద ఆసామి. చూపు ఆనినంత దూరం మెట్టభూమి, శెనక్కాయల మండీ, ఇంటి ముందర ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే మనుషులు.

పెళ్లిచీరను మావాళ్లు అంగట్లో సరుకు మాదిరి ఇచ్చి రారు. నేసినవాడే స్వయంగా తీసుకుపోయి, పసుపు కుంకుమ పెట్టి, ఆ ఇంటి పెద్దల చేతికి తాంబూలంతో అందిస్తాడు. వాళ్లు కూడా కూలి కాకుండా ఏదో ఒక వస్తువును తాంబూలంలో పెట్టి నేతగాడికి ఇస్తారు. పంచె కావచ్చు, చెంబు కావచ్చు, ఉన్నవాళ్లయితే దూడ కావచ్చు. తాంబూలంలో పెట్టి ఇచ్చిందాని వైపు ఇచ్చినవాడు మళ్లీ ఆశగా చూడకూడదు. చీరకైనా అదే మాట, చెంబుకైనా అదే మాట.

ఆ రోజు బయ్యన్న మంచి హుషారు మీద ఉన్నాడు. "ఏం కావాలప్పా ముత్యాలప్పా? సిగ్గుపడద్దు, అడుగు" అన్నాడు.

"మీ గొడ్లకొట్టంలో ఫటఫటి ఉండాది కదన్నా. అది ఇప్పియ్యండి" అన్నాడు మా బావ.

పెళ్లిల్లంతా గొల్లున నవ్వింది. అది యుద్ధం నాటి మిలిటరీ మోటారు సైకిలు, బీఎస్ఏ. యుద్ధం అయిపోయాక వేలంలో బయ్యన్న నాయన కొన్నాడు. ఆయన దానిమీద ధర్మవరం వచ్చినప్పుడల్లా వీధి పిల్లలు వెనకాల పరిగెత్తేవాళ్లట. వాళ్లలో మా బావ ఒకడు. ఆ పెద్దాయన పోయాక బండిని పట్టించుకున్న దిక్కు లేదు. టైర్లు పశువుల కాళ్ల కింద నలిగి పోయాయి, సీటు కింద కోడి గుడ్లు పెట్టేది.

"గుడ్లు ఏమన్నా ఉంటే ఈడ పెట్టేసి, మిగతాది తీస్కపో" అన్నాడు బయ్యన్న. మళ్లీ నవ్వులు. బయ్యన్న తల్లి ఓబులమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆకులు, వక్క తెచ్చి, కొడుకు చెయ్యి పట్టి తాంబూలం ఇప్పించింది.

ఆ వక్కను మా బావ నమల్లేదు. మా ఇళ్లలో కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినప్పుడు పసుపు గుడ్డలో వక్క పెట్టి మగ్గానికి ముడేస్తాం. ఆయన ఈ వక్కను కూడా పసుపు గుడ్డలో చుట్టి బండి హ్యాండిలుకు కట్టాడు. తర్వాత ఇనుపముక్కలన్నీ ఎద్దుల బండికెత్తి ధర్మవరం తెచ్చాడు. మా అక్క గడపలోనే అడ్డంగా నిలబడింది.

"తెచ్చినాడు తల్లీ నా సవతిని! బియ్యానికి దిక్కులేదు గానీ దీనికి పడక యాడ వేస్తావో చెప్పు!"

పడక మగ్గం పక్కనే వేశాడు. ఆ ఇంట్లో మరి వేరే చోటు ఏదీ? అక్క నేల మీద ముగ్గుపిండితో గీత గీసింది. గీతకు ఇటుపక్క పట్టు, అటుపక్క సవతి. అటు నుంచి ఇటు రావాలంటే కుంకుడుకాయతో చేతులు కడుక్కుని రావాలి. పట్టు మీద నల్లమరక పడితే ఆ చీర ఇక ఎవరికీ పనికిరాదు. ఆయన చేతులు కడిగిన నీళ్లే ఒక తొట్టెడు అయ్యేవి. మా వీధిలో నీళ్లకు ఎంత కటకటో తెలిసినవాళ్లకు అక్క తిట్టిన తిట్ల విలువ తెలుస్తుంది.

కరువు ఏడాది మా వీధికి పని తగ్గేది. శెనక్కాయ పండకపోతే పల్లెల్లో పెళ్లిళ్లు ఆగిపోతాయి, పెళ్లిళ్లు ఆగితే మగ్గాలు ఆగుతాయి. వాన లేని ఏడాదే బండి పని జోరుగా సాగేదన్నమాట. మా సీమలో అటువంటి ఏడాదులకు కొదవేముంది! తుప్పును ఇటుకపొడితోను, చింతపండు పులుసుతోను రుద్దాడు. బిగుసుకుపోయిన బోల్టులను రేషను కిరసనాయిలులో నానబెట్టాడు. దీపానికి లేని కిరసనాయిలు బోల్టుకు ఎట్లా వచ్చిందని అక్క లేచింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ఇరుగుపొరుగంతా వినేటట్టు అరిచింది. పట్టునూలు కోసం బెంగుళూరు పోయినప్పుడల్లా ఆయన పాత ఇనుము అమ్మే గుజిరీ అంగళ్లు తిరిగేవాడు. ఒకసారి మాగ్నెటో దొరికింది, ఇంకోసారి కార్బొరేటరు, మరోసారి గొలుసు, పిస్టన్. నూలు మూటలో చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టుకుని తెచ్చేవాడు.

నేతగాడు మోటారు బాగు చేస్తే ఎట్లా ఉంటుందో ఒక్క ముచ్చట చెబుతాను. ఇంజను ముక్కల మధ్య నూనె కారకుండా అట్ట కోసి వేయాలి. మాకు అట్టలకు కరువా? చీర అంచులో బొమ్మలు రావడానికి మగ్గం మీద బెజ్జాలు పొడిచిన అట్టలు తిరుగుతుంటాయి. పాతవి తీసి కత్తిరించి ఇంజనుకు వేశాడు. నూనె పోసి కిక్కు కొట్టగానే అన్ని బెజ్జాల్లోంచీ ధారలు! అవి హంస అంచు అట్టలు. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంజనుకు హంసల అంచు నేసినాడమ్మా, ఇంక పైట కూడా నెయ్యమనండి!" ఆ బండిని చూసి ఆమె నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత బెజ్జాలు పొడవని అట్టలు ఆమే వెతికి ఇచ్చింది.

ఎనభై రెండు దసరాకు ముందు అది పలికింది. పొగ, దగ్గు, మళ్లీ పొగ, ఆపైన ఆ చప్పుడు. మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. మా బావ గోడకు ఆనుకుని చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు. అక్కను వెనక కూర్చోబెట్టుకుని చౌడమ్మ గుడిదాకా పోయి వచ్చాడు. సవతి వీపెక్కి కూర్చున్న ఆమె మొహం చూడాల్సింది! దిగాక "కుదుపు ఎక్కువ" అని ఒక్క మాట అంది, అంతే. మరుసటి రోజు బండి మీద దుమ్మును తన కొంగుతో తుడుస్తుంటే నేను చూశాను.

ఇక్కడే మావాళ్ల పాడు మర్యాద అడ్డం వచ్చింది. ఎవరైనా మగ్గం ఇప్పిస్తే, దానిమీద దిగిన మొదటి చీరను వాళ్ల ఇంటికి తీసుకుపోయి చూపించి, వాళ్ల చేత పసుపు పెట్టించుకుని రావాలి. లేకపోతే విశ్వాసం లేనివాళ్లమట. ఆయుధపూజ నాడు బండిని బయ్యన్న ఇంటికి తీసుకుపోతానన్నాడు మా బావ.

"వద్దు బావా. వాళ్లు మన మాదిరి మనుషులు కాదు" అన్నాను.

"ఇచ్చిన చెయ్యి ఒకసారి చూడాల కదప్పా" అన్నాడు.

ఇద్దరం పోయాం. బయ్యన్న మెట్లు దిగి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి మళ్లీ తీయలేదు. పూజ చేయించాడు, దండ వేయించాడు, కొబ్బరికాయ కొట్టించాడు. మేము బయలుదేరబోతుంటే "ఈడే ఉండనీలే. ఎలక్షన్లు వస్తాండాయి, తిరిగేదానికి కావాల. ఓట్లు అయినాక చూస్తాం" అన్నాడు.

"తాంబూలంలో ఇచ్చినారు కదన్నా" అన్నాడు మా బావ.

"నేనిచ్చింది తుప్పప్పా. ఇది మా నాయన బండి."

ఓబులమ్మ అప్పటికే పోయింది. ఉండుంటే ఏమనేదో! బయ్యన్న చుట్టూ ఉన్న మనుషుల్లో ఒక్కడికీ నోరు లేవలేదు. నేను ఏదో అనబోతే మా బావ నా మోచెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. చేతులకు పూజ పసుపు ఇంకా అట్లే ఉంది. ఇంటికి వచ్చి మా కులపెద్దలకు చెప్పుకుంటే "పెద్దోళ్లతో మనకేంటికి, పోతే పోయింది, ఇనుమే కదా" అన్నారు. ఇనుమే కదా! వాళ్ల మగ్గాన్ని ఎవడైనా ఎత్తుకుపోతే కట్టెలే కదా అంటారా?

జనవరిలో ఓట్లు అయిపోయాయి. బండి రాలేదు. ఒకసారి పోయి అడిగితే గేటు దగ్గరే ఉంచి పంపించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు బయ్యన్న దాన్ని ఊళ్లో కుర్రకారుకంతా తిప్పుకోమని ఇచ్చాడని విన్నాం. మా బావ మగ్గంలో కూర్చునేవాడు గానీ నాడె విసిరే చప్పుడు వినిపించేది కాదు. అక్క ఆ ముగ్గుగీతను మాత్రం చెరపలేదు.

ఎండాకాలంలో బయ్యన్న మనిషి ఓబులేసు వచ్చాడు. "బండి నిలిచిపోయినాది. వచ్చి రిపేరీ చెయ్యమన్నాడు మా అన్న."

పోవద్దని నేను గొంతు చించుకున్నాను. మా బావ పానాల సంచి భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ రెండు ఖాళీ గోనెసంచులు కూడా తీసుకున్నాడు. ఎందుకో తెలియకుండానే నేనూ వెంట నడిచాను.

ఆ రోజు మండీలో శెనక్కాయల తూకం. బయ్యన్న వాకిలి నిండా రైతులు. బండి ఒక మూల వాలిపోయి ఉంది. మా బావ కిక్కు మీద కాలు పెట్టాడు, కదల్లేదు.

"ఇంజను నూనె పోసినారా?" అని అడిగాడు.

"పెట్రోలు పోసినాం కదా, మళ్లా నూనె ఏంటికి?" అన్నాడు ఓబులేసు.

మా బావ కళ్లు మూసుకుని తెరిచాడు. కింద కూర్చుని ఇప్పడం మొదలుపెట్టాడు. ముందు మాగ్నెటో గోనెసంచిలో పడింది. ఆ తర్వాత కార్బొరేటరు, తీగలు, గొలుసు. అక్క కుట్టిన సీటు తొడుగును మడిచి సంచిలో పెట్టాడు. ఇంజను తెరిచి, గీతలు పడి కాలిపోయిన పిస్టన్‌ను బయటికి లాగి, పంచెతో తుడిచి, అదీ సంచిలో వేశాడు. అట్టలను కూడా గీకి తీశాడు. అప్పటికి నాకు అర్థమై నేనూ స్పానరు పట్టుకున్నాను. మగ్గం మీద నడుస్తున్న పడుగుకు కత్తెర పెట్టడం మావాళ్లకు చావుతో సమానం. ఆ మనిషి తన ఎనిమిదేళ్ల పనికి తన చేత్తోనే కత్తెర పెడుతున్నాడు. ఆ పాపం ఎవరి నెత్తిన పడాలి?

చక్రాల నుంచి టైర్లు ఊడదీసేటప్పుడు బయ్యన్న అరుగు మీద నుంచి లేచాడు. "ఏమప్పా, రిపేరీ చెయ్యమంటే అంతా ఇప్పి సంచిలో వేస్తాండావే?"

"నాది నేను తీస్కుంటాండానన్నా."

"దాంట్లో నీదేముండాదిలే?"

"మీరే చెప్పినారు కదన్నా, మీరిచ్చింది తుప్పని. మీరిచ్చినదాన్ని ముట్టుకోలేదు, చూడండి. చట్రం ఉండాది, ట్యాంకు ఉండాది, కమ్మీలు ఉండాయి. తుప్పు ఒకటే వాపసు ఇయ్యలేను, గీకి పారేసినా. నాలుగు వానలు పడితే అదే వస్తాది."

బయ్యన్న మనుషులు ఇద్దరు ముందుకు వచ్చారు. మా బావ మాత్రం హ్యాండిలుకు కట్టిన పసుపు గుడ్డ ముడి విప్పుతున్నాడు. అన్నేళ్ల ముడి, ఒక పట్టాన రాలేదు. వక్కను తీసి, అరుగు దగ్గరికి పోయి, బయ్యన్న కాళ్ల ముందర పెట్టాడు.

"ఇది కూడా మీదేనన్నా."

తూకానికి వచ్చిన రైతుల్లో ఒక ముసలాయన మెడ చాచి చూసి, "ఏమి బయ్యన్నా, తాంబూలంలో ఇచ్చి మళ్లా గుంజుకుంటిరా?" అని గట్టిగానే అడిగాడు. బయ్యన్న ఆ వక్క వైపు చూశాడు, రైతుల వైపు చూశాడు. కసురుకుంటూ లోపలికి పోయాడు. ముందుకు వచ్చిన మనుషులు చేతులు దించుకున్నారు.

సంచులు తెచ్చి గీతకు అటుపక్క పెడితే అక్క మూతి విప్పి చూసింది. "నా సవతిని ముక్కలు చేసి తెస్తివా?" అని తల బాదుకుని ఏడ్చింది. మా బావ ఆ బండి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ముక్కలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆయుధపూజకు మగ్గంతో పాటు వాటికీ అక్కే బొట్టు పెడుతుంది.

ఎనభై ఆరులో బయ్యన్న చిన్నకూతురి పెళ్లి కుదిరింది. పెళ్లిచీర నేయమని అడగడానికి ఆ ఓబులేసే వచ్చాడు, తట్టలో పండ్లు, ఆకులు, వక్కలు పెట్టుకుని. పెద్దకూతురి చీర మాదిరే ఉండాలట, వేరే చేతిది వద్దట. ఎంత ధైర్యం ఉంటే ఆ గడప తొక్కుతారు! మా బావ తల ఎత్తలేదు. అక్క ఓబులేసుకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"నేస్తాములేప్పా. ఏంటికి నెయ్యము?" అంది. "పిల్ల కట్టుకోనీ. పీటల మీద కూర్చోనీ. మేము వచ్చి చూస్తాము. బాగుంటే ఆడనే ఇప్పించుకోని పట్టకపోతాము. మీ అన్నకు సమ్మతమేనా, పోయి అడుగు."

ఓబులేసు తట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.