పాలపళ్ల ఇంట్లో ఎలుకమందు

మా అమ్మ భీవండిలో నార్పోలి పేటలోని మా ఇల్లు విడిచి, అదే ఊళ్లో కనేరిలో ఉన్న నా తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయినప్పుడు, అత్తాకోడళ్లకు పడలేదని మావాళ్లంతా అనుకున్నారు. ఇప్పటికీ పెళ్లి పందిట్లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. నా భార్య తల వంచుకుని వింటుంది. నేను అప్పుడు కాదనలేదు. తర్వాత కూడా, ఒక్కసారి తప్ప, ఇంటి బయట ఎవరి ముందూ చెప్పలేదు. అమ్మ వెళ్లిపోవడానికి కారణం కోడలు కాదు, ఒక ఎలుక. ఆ ఎలుకను చంపింది నేను.

తొంభైల చివరి మాట ఇది. మాది ముందు ఇల్లు, వెనక షెడ్డు. షెడ్డులో మా సాంచాలు. పవర్‌లూమ్ మగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. అవి నడుస్తుంటే ఇంట్లో బిందెలోని నీళ్లు కూడా సన్నగా వణికేవి. నేనూ అంతే. రొట్టె ముక్క చేతిలో ఉండగానే లేచి షెడ్డులోకి పోయేవాణ్ని. ఎక్కడ దారం తెగిందో, ఏ సాంచ ఆగిందోనని చెవి అటే ఉండేది. ఇంట్లో ఎవరు ఏం చెప్పినా సగమే వినేవాణ్ని.

మా కూతురు అప్పుడు ఒకటో తరగతి. ముందు పన్ను కదులుతోంది. ఇంట్లో దానికంటే మా అమ్మకే ఎక్కువ సంబరం.

"ఏందే బోసిదానా, ఇయ్యాలన్న ఊడుతదా, లేకుంటె దారం గట్టి సాంచకు తగిలియ్యాల్నా?"

"వద్దు నాయినమ్మా! గది నన్ను గూడ నేసేస్తది!"

మా సొంతూళ్లో ఊడిన పన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లు. గూనపెంకుల సందుల్లో ఎలుకలుంటాయి, అవి తీసుకుంటాయని. కాకి కంట పడితే మాత్రం కొత్త పన్ను రాదని భయం. భీవండిలో మాది రేకుల కప్పు. నా చిన్నప్పుడు ఇక్కడికి వచ్చిన కొత్తలో అమ్మ నా పన్ను విసిరితే అది రేకుల మీద టకటకా దొర్లి మళ్లీ మా కాళ్ల దగ్గరే పడిందట. అప్పటినుంచి అమ్మ కప్పును వదిలేసి నేరుగా ఎలుక బొక్కనే నమ్ముకుంది. "ఎలుకా ఎలుకా, పాతది నీకు, కొత్తది నాకు" అనిపించి పన్నును బొక్కలో వేయించేది.

ఎలుకనే ఎందుకు అడగాలని మా బిడ్డ ఒకసారి నిలదీసింది.

"మన పండు ఒక్కపారి ఊడి మొలుస్తది బిడ్డా. దాని పండ్లు సచ్చేదాక పెరుగుతనే ఉంటయి. ఉన్నోళ్లనే గదా అడుగుడు?"

దీనికి అమ్మ ఒక కట్టడి కూడా పెట్టింది. పిల్లలకు పాలపళ్లు ఊడుతున్నన్నాళ్లు ఇంట్లో ఎలుకమందు పెట్టకూడదు. అడుక్కునే చేత్తోనే విషం పెడితే ఎట్లా అనేది. బోను పెట్టుకోవచ్చు, పడ్డదాన్ని ఊరవతల ఖాడీ, అంటే ఉప్పునీటి పాయ, ఒడ్డున వదిలి రావాలి. మా నాన్న బతికున్నంతకాలం అలాగే వదిలి వచ్చాడు.

ఆ నెలలో కొత్త బీము వచ్చింది. బీమంటే పడుగు దారమంతా చుట్టిన పెద్ద రోలు. దారానికి గంజి పట్టించి ఉంటుంది కాబట్టి ఆ వాసనకు ఎలుకలు వదలవు. సాంచకు ఎక్కించక ముందే ఒక పక్కనంతా కొరికి పెట్టాయి. తెగిన పోగులు ముడేయడానికి మనిషి రోజంతా కూర్చున్నా తెమలలేదు. నాకు పిచ్చెక్కినట్టయింది. బోను పెడతానని అమ్మతో చెప్పి, అంజూర్ ఫాటా దగ్గర రోడ్డు మీద అమ్మేవాడి దగ్గర మందు తెచ్చాను. పిండిలో కలిపి ఉండలు చేసి షెడ్డు గోడ మూల బొక్కలోకి తోశాను. చేతులు కడుక్కుని తాకాల, అంటే నేసిన బట్ట థానుల, లోడింగుకని వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే బిడ్డ పన్ను ఊడింది. నాయినమ్మా మనవరాలూ కలిసి అదే బొక్కలో వేశారు.

తెల్లారి షెడ్డు ఊడుస్తుంటే బొక్క ముందర ఎలుక చచ్చి కనిపించింది. చూసింది యూపీ నుంచి వచ్చి మా సాంచలు నడిపే కారీగర్. ముందురోజు పన్ను వేడుక అతనూ చూశాడు. తోకపట్టి ఎత్తి బిడ్డకు చూపించి నవ్వాడు.

"అరే గుడియా, తేరా దాంత్ ఖాకే మర్ గయా బేచారా!"

నీ పన్ను తిని చచ్చిపోయింది పాపం అని. అతనికి మందు సంగతి తెలియదు, ఊరికే పరాచికం. బిడ్డ నవ్వలేదు. నా వైపు చూసింది.

"నిజమేనా బాపూ?"

గుమ్మంలో చాయ్ గ్లాసుతో అమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా నావైపే చూస్తోంది.

"బోను పెడ్తనంటివి గదరా? మరి గిదెట్ల సచ్చె?"

"ఏమో అమ్మా. ముసల్దై ఉంటది."

"గింత బలిసింది ముసల్దా?"

సాంచ ఆగిందంటూ నేను అటు నడిచాను. నిజానికి ఏ సాంచా ఆగలేదు.

అప్పటిదాకా బిడ్డ ఏం తిన్నా ఇంట్లో అందరికీ పంచేది. జామకాయను గౌను అంచులో పెట్టి కొరికి, కాకెంగిలి చేసి తన చిన్న తమ్ముడికి ఇచ్చేది. అమ్మకు దవడ పళ్లు లేవు. పల్లిపట్టీ అయినా చెరుకు ముక్కయినా మనవరాలు ముందు కొరికి చిన్నగా చేసి ఇస్తేనే నోట్లో వేసుకునేది. అదంతా ఒక్కసారిగా ఆగిపోయింది.

"కొంచెం కొరికియ్యవే."

"నేనియ్య."

"ఎందుకియ్యవు?"

"నై బోలీ నా! జబర్‌దస్తీ ఏంది?"

బిడ్డ నాయినమ్మ పళ్లెంలో చెయ్యి పెట్టడం మానేసింది. తన గ్లాసు తానే కడిగి వేరుగా బోర్లించుకునేది. అమ్మ ముద్దు పెట్టుకోబోతే మొహం తిప్పేసుకునేది. అమ్మ కొన్నాళ్లు నవ్వేసింది. తర్వాత నవ్వలేదు.

"ఇంగ్లీషు బడికి తోలితివి. ఇగ ముసల్దంటె రోత పుట్టదా?" అంది నాతో.

నా భార్య బిడ్డను అడిగింది, బుజ్జగించింది, ఒకసారి కొట్టింది కూడా. దాంతో అమ్మకు ఇంకో అనుమానం: కోడలే నేర్పించి, ఇప్పుడు నాటకమాడుతోందని. ఆ దసరా దాటాక కనేరి నుంచి నా తమ్ముడు రిక్షా తెచ్చాడు. ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టింది నేనే. "ఉండమని ఒక్క మాటన్న అనరా?" అని నా భార్య గుమ్మంలోనే అడిగింది. నేను షెడ్డులోకి వెళ్లిపోయాను.

తర్వాత రెండో పన్ను ఊడింది. బడిలో టీచరు చెప్పిన కథను పట్టుకుని నా భార్య కొత్త ఉపాయం చేసింది. దిండు కింద పన్ను పెట్టుకుంటే పరి, అంటే దేవకన్య, వచ్చి తీసుకుని రూపాయి బిళ్ల పెట్టి పోతుందని చెప్పింది. బిడ్డ మొహం పాలిపోయింది. పన్నును పిడికిట్లో దాచుకుని ఏడుపు.

"వద్దమ్మా! పరి ముట్టుకుంటె పరి గూడ సచ్చిపోతది!"

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. అది నాయినమ్మను రోసింది కాదు. తన నోట్లో విషముందని అనుకుంటోంది. తన ఎంగిలి తింటే నాయినమ్మ చచ్చిపోతుందని, తమ్ముడు చచ్చిపోతాడని. అప్పుడైనా చెప్పాల్సింది. "పరీలు సావరు, పిచ్చిదానా" అనేసి చెప్పులేసుకుని బయటికి పోయాను. బజారులో తిరిగాను, ఎక్కడా నిలవలేదు. చెబితే బిడ్డ ఊరుకోదు, అది అమ్మకు చేరుతుంది. పాలపళ్లున్న ఇంట్లో మందు పెట్టి, పైగా అబద్ధమాడినవాణ్ని అమ్మ ఏమంటుందో అన్నదే నా భయం. బిడ్డ భయంకంటే నాకు అదే పెద్దగా కనబడింది.

చాలాకాలం తర్వాత ఎక్కడో చదివాను. ఆ దేవకన్య కొత్తగా వచ్చిందేనట. ఆమెకంటే ముందునుంచీ ఫ్రాన్సులో, స్పెయినులో పిల్లలు పన్ను ఇచ్చేది చిట్టెలుకకేనట. ఎక్కడి తల్లులైనా పిల్లల నోట్లోంచి ఒక ముక్క ఊడిపడితే, అది పోవడం కాదు, ఎవరో తీసుకుని బదులు ఇస్తారని చెప్పి ధైర్యం పెట్టినట్టున్నారు. మా అమ్మ చేసిందీ అదే. నేను దాన్నే భయంగా మార్చాను.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి వచ్చేసరికి బిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. రంగు పెన్సిళ్లు, బొమ్మల పెట్టె అన్నీ తన తమ్ముడి ముందర ఉన్నాయి.

"గివన్ని వానికెందుకిచ్చినవ్?"

"నాకింక అక్కర లేదు బాపూ. రొట్టె తింటుంటె పండు లోపలికి పోయింది."

"పోతె పోనీ. ఏం గాదు."

"ఎలుక గూడ గట్లనే సచ్చింది గదా."

ఏడవడం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని కప్పు వైపు చూస్తూ ఎదురుచూస్తోంది. పొద్దుటినుంచీ అలాగే ఉందట. చాప పక్కన కూలబడి, మందు తెచ్చింది, ఉండలు చేసింది, బొక్కలో పెట్టింది అంతా చెప్పాను. నమ్మలేదు. మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి చెప్తుంటే లేచి కూర్చుంది.

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"నాయినమ్మ తిడ్తదని."

"నిన్నా? నువ్వు పెద్దోనివి గదా!"

వంటింటి గుమ్మంలో నిలబడి నా భార్య అంతా వింది. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు.

మర్నాటి నుంచి బిడ్డ ఒకటే ప్రశ్న: "నాయినమ్మకు చెప్పినవా?" కనేరి మీదుగా ఎన్నోసార్లు స్కూటరు పోనిచ్చాను. తమ్ముడి గల్లీ మొదట్లో ఆపేవాణ్ని, మళ్లీ తిప్పేసేవాణ్ని. ఒకరోజు బిడ్డ చెప్పకుండానే వచ్చి స్కూటరెక్కి నా ముందు నిలబడింది. దిగమంటే దిగలేదు.

అమ్మ తమ్ముడి షెడ్డు పక్కన కూర్చుని దారం చుట్టిన కండెల తొట్టి సర్దుతోంది. మనవరాలిని చూసి చెయ్యి చాపబోయి, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను.

"ఏందిరా? సాంచల సప్పుడుకు ఇనవడ్తలేదు. జెర గట్టిగ చెప్పు."

తమ్ముడూ కారీగర్లూ తలలెత్తి చూస్తున్నారు. బయటికి రమ్మని అమ్మను పిలవవచ్చు. పిలవలేదు. అరిచి చెప్పాను.

"అమ్మా, ఎలుకకు మందు పెట్టింది నేనే. బోనని నీకు అబద్ధం చెప్పిన. తన పండు తిని సచ్చిందని పిల్ల భయపడ్డది. తన ఎంగిలి తింటె నువ్వు గూడ సస్తవని నీకియ్యలే, రోతవడి గాదు. నీ కోడలు ఏం నేర్పలే. అంత తెల్సి గూడ నోరు మూస్కున్న. నిన్ను ఇంట్లకెల్లి పంపింది నేనే. తప్పయిందమ్మా, నన్ను మన్నించు."