కదలని సున్నా

"ఏమయ్యా, ఇంట్లో ఫ్యాను ఆపొచ్చావా, మర్చిపోయావా?"

చిలకలూరిపేటలో టీ కొట్టు దగ్గర ఎవరో మా బాబాయిని అలా అడిగారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన నవ్వకుండా ఉంటే అంత మండేది కాదేమో.

బాబాయంటే మా పిన్ని భర్త. హైవే పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసుకునే ఆపరేటరుగా ఉండేవాడు. మా వైపు రైతులు కోతలయ్యాక ధర బాగా లేకపోతే కాయని టిక్కీలుగా, అంటే బస్తాలుగా, కట్టి ఆ చల్లటి గదుల్లో పెడతారు. ధర లేచినప్పుడు గుంటూరు యార్డుకి తోలుకుంటారు. ఆ వేసవిలో ఒక గదిలో చల్లదనం ఆగిపోయింది. కొన్ని రోజులపాటు ఎవరికీ తెలియలేదు. తలుపు తీసేసరికి బస్తాలు చెమట పట్టి ఉన్నాయి. తొడిమల దగ్గర బూజు. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ రంగు దిగిపోయి తాలుకాయలా వెలవెలబోయింది. ఆ గదిలో ఉన్నవి చాలావరకు బాబాయి ఊరివాళ్ల బస్తాలే. పిన్ని కౌలుకి చేసిన చేలో కాయ కూడా వాటిలో ఉంది.

కరెంటు పోయి వచ్చాక ఆ గది మిషన్ మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోయానని బాబాయి అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. ఊళ్లో తలెత్తుకుని తిరగడం పోయింది. ఆ పైన ఈ ఫ్యాను జోకులు.

టీ కొట్టు నుంచి ఇద్దరం ఇంటికి వెళ్లాం. పిన్ని అన్నం వడ్డిస్తూ నా దగ్గర ఏకరువు పెట్టింది. ఆయన పక్కనే కూర్చుని తింటున్నాడు.

"మొదట ఏమన్నాడో తెలుసా? గది వేడి చూపించే డబ్బాలో సున్నా డిగ్రీలు చూపించిందంట. అంత చల్లగా ఉంటే ఇంకేం భయమని ఊరుకున్నాడంట! చెప్పే అబద్ధమైనా కాస్త నమ్మేట్టు చెప్పొద్దూ? యజమాని మనుషులు వచ్చి చూస్తే ఆ డబ్బా శుభ్రంగా పనిచేస్తోంది. అప్పుడు ఒప్పుకున్నాడు, మర్చిపోయానని."

పిన్ని మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను అన్నం కలపడం ఆపేశాను.

"కదిలిందా బాబాయ్ ఆ సున్నా?"

"అంటే?"

"కాసేపు పైకి, కాసేపు కిందకి ఊగిందా?"

"లేదమ్మా. సున్నా పాయింటు సున్నా. పలక మీద రాసిపెట్టినట్టు."

"లోపలికి వెళ్లి చూడలేదా మరి?"

"మిర్చి గదిలోకి ఊరికే ఎవరెళ్తారే? ఆ ఘాటుకి ఊపిరాడదు. చల్లగా ఉంటే కాయ రంగు నిలుస్తది గదా, ఐదారు ఉండాల్సింది సున్నా ఉంటే ఇంకా మంచిదేలే అనుకున్నా." వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇంక ఆ ఊసెత్తొద్దమ్మా. మర్చిపోయాననే అన్నా గదా."

నాకు ఆ అన్నం సహించలేదు. ఎందుకంటే నిజంగా సున్నా దగ్గరున్న గది సున్నా దగ్గర నిలబడదు. తలుపు తీసినా, మిషన్ ఆగినా, మళ్లీ నడిచినా ఆ అంకె కాస్తో కూస్తో అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కదలని సున్నా కొలిచింది కాదు, ఎవరో పెట్టింది. గది వేడి కొలిచి, దాన్నిబట్టి మిషన్ని నడిపి ఆపే ఆ డబ్బాలు తయారుచేసేది మా కంపెనీయే.

నేను తాడేపల్లిలో ఆ చిన్న కంపెనీలో కెర్నెల్ పని చేస్తాను. ఈ మాట ఎవరికి చెప్పినా "హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?" అంటారు. రెంటికీ మధ్య ఉన్న గొడవ అని చెబుతుంటాను. యంత్రంలో నడిచే ప్రోగ్రాములన్నిటికీ పెత్తనం చేసేది కెర్నెల్. మామూలు ప్రోగ్రాం ఏదైనా చెయ్యకూడని పని చేస్తే, కెర్నెల్ దాన్ని మెడపట్టి బయటికి నెట్టేస్తుంది, మిగతావాళ్ల పని సాగుతుంది. కానీ కెర్నెల్ లోపలే ఒక ఆదేశం బెడిసికొడితే? దానిపైన చెప్పుకోవడానికి ఎవరూ లేరు. యంత్రం మొత్తం ఆగిపోవాల్సిందే.

అందుకని రాసేవాళ్లు ముందుగానే ఒక ఏర్పాటు చేసుకుంటారు. ఫలానా ఆదేశం బెడిసికొట్టవచ్చు అని తెలిసిన చోట, ఇక్కడ దెబ్బ తగిలితే ఆగొద్దు, అదిగో ఆ పక్కదారిన వెళ్లు అని రాసిపెడతారు. ఇందులో తప్పేమీ లేదు, అది లేకపోతే ఏ కంప్యూటరూ ఒక పూట నిలవదు. అయితే ఆ పక్కదారిలో ఏం రాశారన్నది ముఖ్యం. "చదవలేకపోయాను" అని నిజం చెప్పి పంపవచ్చు. లేదంటే చేతిలో ఏదో ఒక అంకె పెట్టి, ఏమీ జరగనట్టు ముందుకి తోసెయ్యవచ్చు.

మర్నాడు ఆఫీసులో ఆ డబ్బాలో ఉండే బోర్డు ఒకటి బల్ల మీద పెట్టి నడిపించాను. అది నడుస్తుండగానే, వేడి కొలిచే తీగలు వచ్చి కలిసే కార్డుని చేత్తో పట్టుకుని లాగేశాను. ఆ కార్డుని చదవబోయిన ఆదేశం బెడిసికొట్టింది. బోర్డు ఆగలేదు. తెర మీద 0.0 వచ్చి కూర్చుంది. ఏసీ గదిలో నాకు చెమట పట్టింది.

కోడ్ తీసి చూస్తే పక్కదారి కనిపించింది. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మనిషి రాసింది. ఆదేశం బెడిసికొడితే సున్నా పెట్టు, తర్వాతి ఆదేశానికి వెళ్లు. పైన "తాత్కాలికం" అని ఒక ముక్క. ఇంకో సంగతి కూడా ఉంది. మొదటిసారి దెబ్బ తగిలినప్పుడు లోపల ఒక హెచ్చరిక రాస్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తగిలినా నోరెత్తదు. అదేపనిగా హెచ్చరికలు పడుతుంటే విసుగని అలా రాస్తారు, నేనూ అలాగే రాస్తాను. కరెంటు పోయి వచ్చిన కుదుపుకి అక్కడ కార్డు మొరాయించి ఉంటుంది. తర్వాత ఎవరో డబ్బాని ఒకసారి ఆపి మళ్లీ వేసేసరికి అది లేచి, ఏమీ ఎరగనట్టు పనిచేసింది. గది చల్లగా ఉందనుకుని మిషన్ని ఆపేసింది ఆ సున్నా. మా బాబాయి కాదు.

మా మేనేజరుని పిలిచి బోర్డు చూపించాను. చెడ్డవాడేం కాదు.

"సున్నా పెట్టబట్టే కదండీ బోర్డు ఆగలేదు? ఆగుంటే అన్ని గదులూ పోయేవి."

"సున్నా పెట్టమని ఎవరన్నారండీ? చదవలేకపోయానని చెప్పి గంట మోగిస్తే సరిపోయేది."

"ఈసారి అప్‌డేట్‌లో సరిచేసేద్దాం. బయట మాత్రం అనకండి. ఎటూ ఆయన ఒప్పుకున్నారు కదా."

ఆ చివరి మాట నాకు కత్తితో గీసినట్టయింది. బాబాయి ఒప్పుకోలు కూడా ఆ సున్నా లాంటిదే, తప్పుడు అంకె ఒకటి దొరికింది కాబట్టి అందరికీ పని సాగిపోతోంది, అంతే. అక్కడి కార్డు పాడైతే ఉంటుందని ఇంకో కార్డు సంచీలో వేసుకుని సెలవు పెట్టాను. ఆ సెలవు వల్ల ఆఫీసులో జరిగింది వేరే రామాయణం.

కోల్డ్ స్టోరేజీలో ఆ రోజు రైతులు పాడుకాని బస్తాలు ఏమైనా మిగిలాయేమోనని ఏరుకోవడానికి వచ్చారు. పిన్నీ వచ్చింది. బాబాయిని నేను బలవంతాన లాక్కొచ్చాను. దారిపొడుగునా "ఎందుకమ్మా, సద్దుమణిగింది గదా" అంటూనే ఉన్నాడు. యజమాని నన్ను చూసి కంపెనీ మనిషి రిపేరుకి వచ్చిందనుకుని లోపలికి రానిచ్చాడు. అది అబద్ధమేమీ కాదు.

పాడైన గది ఖాళీ చేసి తలుపులు బార్లా తీసి ఉంచారు. బయటి ఎండంతా లోపలే ఉంది. మిరప ఘాటుకి అందరం దగ్గుతున్నాం. గోడకున్న డబ్బాలో ఆ గది అంకె ముప్పై దాటి చూపిస్తోంది. నేను ఆ గది మిషన్ వేయించాను, దాని దీపం వెలిగింది.

"ఒక్కసారి ఇటు చూడండి," అని పిలిచి కార్డు లాగేశాను.

0.0.

తలుపు తీసి ఉన్న గది. అందరి మొహాల మీదా చెమట. గోడ మీద సున్నా. కాసేపటికి ఆ గది మిషన్ దీపం దానంతటదే ఆరిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మాయ్, ఇంకోసారి తియ్యి," అన్నాడు ముందున్న ఒక పెద్దరైతు. కార్డు పెట్టి డబ్బాని ఒకసారి ఆపి మళ్లీ వేశాను. ముప్పై వచ్చింది. మళ్లీ తీశాను. మళ్లీ సున్నా. యజమాని సెల్‌ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. మా మేనేజరుకేనని నాకు అర్థమైంది. ఏమైతే అదైందిలే అనుకున్నాను. ఆ క్షణంలో నాకు గెలిచినట్టే ఉంది, దాచుకోవడమెందుకు?

పెద్దరైతు బాబాయి వైపు తిరిగాడు. "ఒరేయ్, మరి మర్చిపోయానని ఎందుకన్నావురా?"

బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సున్నా చూపించిందని చెప్పలేదా? ఇక్కడే నిలబడి చెప్పా. నవ్వారు గదా మీరంతా. నువ్వయితే నా చొక్కా పట్టుకున్నావు. మర్చిపోయానని ఒప్పుకుంటే కేసు లేకుండా చూస్తానన్నాడు యజమాని. సరే, మర్చిపోయానన్నా. అందరూ ఇళ్లకెళ్లారు."

ఆయన గొంతులో కోపం లేదు. ఎవరి పనులు వాళ్లు చేసుకోవాలి కదా అన్నట్టు ఉంది. పెద్దరైతు తల దించుకున్నాడు. బస్తాలు ఏరుతున్నవాళ్లు కూడా చేతులాపి నిలబడ్డారు. అప్పుడు పిన్ని ముందుకి వచ్చింది.

"నువ్వు మర్చిపోలేదా?"

"లేదు."

"ఇంటికొచ్చాక నేను కూడా అడిగా గదా. తలుపేసి అడిగా. మనిద్దరమే ఉన్నాం. నాకూ మర్చిపోయాననే చెప్పావు."

"అప్పటికే ఏడుస్తున్నావు గదే. ఆగుతావని."

"కాయ పోతే పోయింది. పోయినేడు తెగులొచ్చి పోలా? నిన్ను ఎన్ని మాటలన్నా నేను! అన్నీ పడ్డావు. నాకైనా నిజం చెప్పొద్దా?"

పిన్ని ఏడుస్తోంది. అది ఘాటు కాదు. నాకు గెలుపంతా దిగిపోయింది. డబ్బాలో తప్పు పట్టుకున్నాను కానీ వీళ్లిద్దరి మధ్య ఇది ఇలా పైకి వస్తుందని నాకు తోచలేదు.

బాబాయి ఆమె దగ్గరికి వెళ్లాడు. అందరూ వింటున్నారన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు. చాలా మామూలుగా, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగాడు.

"చెబితే నమ్మేదానివా?"

ఆమె అవునంటుందని ఎదురుచూశాను. అనెయ్యి పిన్నీ, ఒక్క మాటే కదా, అని లోపల్లోపల బతిమాలుకున్నాను. పిన్ని చెంగుతో కళ్లు ఒత్తుకుంది. గోడ మీది డబ్బా వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"లేదు," అంది. "నమ్మేదాన్ని కాదు."