ఎర్రకలం వదిన పొంగించిన రొట్టె

మా వదిన ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాల నుంచి మందుసీసాల మీద అంటించే కాగితాల దాకా ఆమె ఎర్రకలం కింద నలగకుండా ఏదీ బయటికి పోలేదు. అందుకే అక్కడ అందరూ ఆమెను ఎర్రకలం అనేవాళ్లు. ఇంట్లో మేమూ అదే అంటాం, ఆమెకు వినపడకుండా. నేను ఆమె ఆడపడుచుని, కింది వాటాలో ఉంటాను. ఆడపడుచు నోటితో వదినను మెచ్చుకోవడమంటే మాటలు కాదు. అయినా ఈ ఒక్కసారికీ తప్పదు.

వదిన మనవరాలికి ఏడేళ్లు. దానికి గోధుమ పడదు. చిన్న ముక్క లోపలికి పోయినా మూడు రోజులు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే బడి తర్వాత పిల్ల నాయనమ్మ దగ్గరే. ఒక సాయంత్రం వస్తూనే పుస్తకాల సంచీ గుమ్మంలో విసిరేసింది. ఇరవై రోజుల్లో తరగతి మొత్తాన్నీ ఊరి బయట తోటకు తీసుకెళ్తారట. అందరూ బేకరీ రొట్టె ముక్కల మధ్య ఏదో ఒకటి పెట్టుకుని తెచ్చుకోవాలట.

"నేను వెళ్లను నాయనమ్మా. మళ్లీ నేనొక్కదాన్నే డబ్బాలో అన్నం తింటుంటే అందరూ చూస్తారు," అంది.

"వెళ్తావు. రొట్టెతోనే వెళ్తావు," అంది వదిన.

వదినకు కూరలూ పులుసులూ కొట్టిన పిండి. రొట్టె మాత్రం జన్మలో కాల్చలేదు. అదీ గోధుమ లేకుండా! పిల్లకు మాట ఇచ్చేసి కళ్లజోడు తుడుచుకుని ఫోను తీసింది. వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలంటారు. ఫోనులో అడుక్కున్న మా వదినకు అరవై కాదు, ఆరువందల రొట్టెలు కనిపించాయి. అన్నీ దూదిలా ఉన్నాయి, అన్నీ నిమిషాల్లో అయిపోతాయట. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

లక్షల మంది చూసిన వీడియో ఒకటి నమ్మి మొదటి రొట్టె కాల్చింది. అది ఓవెన్లోకి ఎంత వెళ్లిందో అంతే బయటికొచ్చింది. అన్నయ్య దాన్ని బల్ల మీద రెండుసార్లు కొట్టి చూశాడు.

"ఇలాంటివి ఇంకో నాలుగొందలు చెయ్యవోయ్. పెరటి గోడ లేపేద్దాం," అన్నాడు.

రెండోది మధ్యలో కుంగింది. మూడోది కోస్తే పొడిపొడిగా రాలింది. పిల్ల ఆ పొడిని వేలితో అద్దుకుని నాకి, "బావుంది నాయనమ్మా," అంది. వదిన మొహం చూడలేకపోయాను. పిల్ల అబద్ధం చెబుతోందని మా అందరికీ తెలుసు. అప్పటికి పది రోజులు గడిచిపోయాయి.

మర్నాడు నేను పైకి వెళ్లేసరికి వదిన బల్ల నిండా కాగితాలు. పదకొండు చోట్ల నుంచి పదకొండు వంటకాలు రాసుకుని పక్కపక్కన పరిచింది. చేతిలో ఎర్రకలం. వండటం మానేసి దిద్దుతోంది!

"ఇలా రా అమ్మాయ్," అంది. నాకు యాభై ఆరేళ్లు, ఇంకా అమ్మాయినే. "ఇక్కడ చూడు. కావలసినవాటిలో వెనిగర్ రెండు చెంచాలని ఉందా? కింద చేసే పద్ధతిలో ఆ వెనిగర్ ఎప్పుడు పొయ్యాలో చెప్పాడేమో వెతుకు."

వెతికాను. లేదు. పక్క కాగితంలోనూ లేదు. ఆ పక్కదాంట్లోనూ అంతే.

"తొమ్మిదింట్లో లేదు. అందరూ ఒకే చోట ఎలా మర్చిపోతారే? ఒకడు మర్చిపోయాడు, ఎనిమిదిమంది ఎత్తి రాసుకున్నారు. వీళ్లలో ఒక్కడు పొయ్యి వెలిగించి ఉంటే, చివర్లో వెనిగర్ అలాగే మిగిలిపోయిందేంటా అని తల గోక్కునేవాడు. తొమ్మిదిమంది చెప్పారు కదా అని నమ్మాను, నా బుద్ధి గడ్డి తిని!"

తొమ్మిదీ చించి బుట్టలో పడేసింది. మిగిలిన రెండింటిలో ఒకదానికి గిన్నెల కొలతలే, తూకాలు లేవు. అదీ పోయింది. చివరిది ఎవరో బేకరీ పనావిడ రాసింది. ఫొటో మసక మసగ్గా ఉంది. ఆవిడ కొడుక్కీ గోధుమ పడదట. అన్నీ గ్రాముల్లో ఇచ్చింది. పైగా, మొదటి ఆరు రొట్టెల్ని కుక్క కూడా వాసన చూసి వదిలేసిందనీ, ఏది ఎందుకు చెడిందో ఇదిగో అనీ వరసగా రాసుకుంది.

"ఈవిడ వండింది!" అని వదిన బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

బియ్యప్పిండి, ఈస్ట్, చాలా నీళ్లు, ఇసబ్‌గోల్ పొట్టు. ఆ పొట్టు అన్నయ్య రోజూ సుఖవిరేచనానికి వేసుకునేదే. "రొట్టెలోకి నా మందా?" అని ఆయన లబోదిబోమన్నాడు. పిండిని పట్టి ఉంచేది అదేనట, వదిన డబ్బా లాక్కుంది. ఆ రొట్టె పొంగింది చూడండీ, అబ్బో, గిన్నె అంచు దాటింది! మూడు గంటలు చల్లారేదాకా ముట్టుకోవద్దని చెప్పి వదిన బట్టలు ఆరేయడానికి వెళ్లింది. ఆ వాసనకు ఆగలేక నేను కత్తి పెట్టేశాను. లోపలంతా బంక.

"నీ బేకరీ ఆవిడా అంతే!" అని గయ్యిమన్నాను. వదిన నాతో వాదించలేదు. జరిగింది జరిగినట్టు ఆవిడకే రాసింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది: "రొట్టె బాగానే కాలింది. వేడి మీద కోశారు కదూ? మొదట్లో నేనూ ఆగలేకపోయేదాన్ని."

వదిన కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. తప్పు నాదే, ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను!

తోటకు వెళ్లే ముందురోజు శుక్రవారం, బడికి పండగ సెలవు. పొద్దున్నే మళ్లీ కాల్చింది. కత్తి అన్నయ్య జేబులో పెట్టి నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. మూడు గంటలూ గడియారం ముందు కూర్చున్నాం. అప్పుడు కోసింది. పిల్ల ఒక ముక్క తీసుకుని మెల్లగా మధ్యకు మడిచింది. విరగలేదు. ఇంకా నొక్కింది. విరగలేదు! కొరికి, నమిలి, ఇంకో ముక్కకు చెయ్యి చాపింది. వదిన కళ్లు నిండిపోయాయి. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

మర్నాడు ఆరు ముక్కలు కట్టి పంపింది. సాయంత్రం పిల్ల మోకాళ్ల నిండా మట్టితో వచ్చి, ఖాళీ డబ్బా నాయనమ్మ ఒళ్లో పడేసి మూతి ముడుచుకుంది.

"నాకు ఒక్క ముక్కే దక్కింది. నాక్కొంచెం నాక్కొంచెం అని అందరూ మీద పడ్డారు. ఇంకా చాలామందికి అందలేదు కూడా. సోమవారం ఎక్కువ కట్టు నాయనమ్మా, ఇస్తానని చెప్పేశాను."

"ఎంతమందికి చెప్పావే తల్లీ? పిండి తూచుకోవాలి, సరిగ్గా చెప్పు," అంది వదిన. ఎర్రకలం అందుకుంది.

పిల్ల ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వేళ్లు మడిచింది. రెండు చేతులూ అయిపోయాయి. నా చెయ్యి కూడా లాక్కుని మడవడం మొదలుపెట్టింది.