రాగి గంగాళం నీళ్లు

బొగ్గు బావుల ఆఫీసులో గుమాస్తా లింగమూర్తి నడుము రెండు రకాలు. ఇంట్లో గుంజలాగా నిలబడేది. మేనేజర్ దొర కనబడితే చాలు, కొడవలిలా వంగేది. ఆ కొడవలిని చూసినప్పుడల్లా భార్య అనసూర్యకు ఒళ్లు మండేది.

అనసూర్యది సుల్తానాబాద్. నేత ఇంట పుట్టింది. పెళ్లయి బెల్లంపల్లికి వచ్చిన నాటి నుంచీ ఆమె బతుకు వీధి నల్లా దగ్గరే తెల్లవారేది. వాడకట్టు మొత్తానికి ఆ ఒక్క నల్లాయే దిక్కు. అదీ నీల్గుతూ మూల్గుతూ కారేది. బిందెల వరుసలో కొట్లాడి, నెత్తిన ఒకటి, సంకన ఒకటి మోసుకుంటూ ఆమె సగం వయసు అక్కడే అరిగిపోయింది. మొగుణ్ణి ఆమె నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఇంట్లో నల్లా ఉన్న క్వార్టర్ కావాలంది. తిప్పితే నీళ్లు రావాలి. అంతకు మించి ఆమెకు ఏ ఆశా లేదు.

క్వార్టర్ ఇచ్చేది మేనేజర్ దొర. ఆయన కృష్ణా జిల్లా మనిషి. ఆ యేడు ఎండాకాలం సొంతూరికి పోతూ తన చేపల అద్దాల పెట్టెను లింగమూర్తికి అప్పజెప్పాడు. పెట్టెతో పాటు ఒక మట్టి గోలెం కూడా పంపించాడు.

"నల్లా నీళ్లలో మందు కలుపుతారు లింగమూర్తీ. పట్టిన నీళ్లు ఈ గోలెంలోనే పోసి, ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. వాసన పోయాక పెట్టెలో పాత నీళ్లు కొంచెం తీసి, ఇవి కొంచెం పోయండి. వేరే పాత్రలు వాడొద్దు. నేను వచ్చాక మీ క్వార్టర్ సంగతి చూద్దాం."

చేపల్ని ఒప్పుకున్నది లింగమూర్తి. నీళ్లు మోసింది ఎవరో వేరే చెప్పాలా?

"ఏందక్కా, రోజు ఒక బిందె ఎక్కువ పడుతున్నవ్? సుట్టాలొచ్చిండ్రా?" అని నల్లా దగ్గర సక్కుబాయి అడిగింది.

"ఆఁ, దొర సుట్టాలు. తోకలున్నయ్. మందు వాసనస్తే తాగరట. గోలెంల పోసి, దుమ్ము పడకుండ పల్సటి గుడ్డ గట్టి, వాసన సూసి మరీ పొయ్యాలె. మా అత్తకు సుత గింత సేవ జెయ్యలే" అంది అనసూర్య.

నోరు అట్లా అన్నా పని మాత్రం దొర చెప్పినట్టే చేసింది. చేపల మీద ప్రేమా, పాడా! ఆ పెట్టెలో ఆమెకు చేపలు కనబడలేదు, నల్లా కనబడింది. తన స్నానానికి నీళ్లు తగ్గించుకుని గోలెం నింపింది. చేపలేమో తిన్నంత తిని, పావడాల్లాంటి తోకలు ఊపుకుంటూ హాయిగా తిరిగాయి.

అంతా బాగానే ఉందనగా లింగమూర్తికి తెలివి పుట్టింది. రేపోమాపో దొర వస్తాడనగా గోలెం చుట్టూ తిరిగి ముక్కు చిట్లించాడు.

"థూ! పాకురు పట్టిన గోలెం. దొర చేపలకు గీ నీళ్లా? దొర సూస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

"గోలెం దొరదే గదనయ్యా. దాంట్లనే పెట్టుమన్నడు గద?"

"నీకేం తెల్సే? పెద్దోళ్లు మర్యాదకు అట్లనే అంటరు. మనమే అర్థం జేసుకోవాలె."

అటక మీది నుంచి తల్లినాటి రాగి గంగాళం దించాడు. పండుగనాడు దేవునికి నీళ్లు పోయడానికి తప్ప అది కిందికి దిగదు. అందులో నిలవ ఉంచిన నీళ్లు తాగితే రోగాలు పోతాయని ఆ ఇంటి నమ్మకం. ఇంట్లో పుల్ల తీసి అవతల పెట్టని మహానుభావుడు చింతపండు పెట్టి దాన్ని తళతళా తోమాడు. అనసూర్య తెచ్చిన నీళ్లు అందులో నింపాడు. మర్నాడు పెట్టెలో పాత నీళ్లన్నీ పారబోసి, గంగాళం నీళ్లు నిండా పోశాడు.

"దేవునికి పోసే నీళ్లే దొర చేపలకు పోసిన. ఇగ సూడు, క్వార్టర్ ఎట్ల రాదో!" అని మీసం సవరించుకున్నాడు.

పొద్దు గూకేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. తెల్లారి చూస్తే ఒక్కటి మిగల్లేదు, అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. లింగమూర్తి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఇంతలో దొర రానే వచ్చాడు. పెట్టెను చూశాడు, పక్కన మెరుస్తున్న గంగాళాన్ని చూశాడు.

"రాగి పాత్రలో పెట్టారా నీళ్లు? రాగి చేపలకు విషమయ్యా! అందుకే కదా గోలెం పంపించాను!"

లింగమూర్తి నడుము కొడవలి అయింది.

"మా ఇంటిది సార్... తెలివి తక్కువది. నేను వద్దంటనే ఉన్న, ఇన్లే. గంగాళం నీళ్లు తెచ్చి పోసింది."

తలుపు వెనక అనసూర్యకు నషాళానికి అంటింది. వీడూ ఒక మొగుడేనా! బయటికి వచ్చి నాలుగు మాటలు అంటే తీరిపోయేది. కానీ ఆ నాలుగు మాటలతో నల్లా కూడా పోయేది. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"పోనీలెండి. ఆడవాళ్లకేం తెలుస్తుంది" అని దొర నిట్టూర్చాడు. "అప్పుడు మీతో అనలేదు గానీ, మీ క్వార్టర్ కాగితం మీద పోయేముందే సంతకం పెట్టాను. వెళ్లి చేరండి."

అంటే, చేపలు బతికినా చచ్చినా క్వార్టర్ వచ్చేదే. ఆ మాట విన్నాక అనసూర్యకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది.

కొత్త ఇంట్లో చేరిన నాడు ఆమె పెరట్లో నల్లా తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి. చాలాసేపు చేతులు తడుపుకుంటూ అక్కడే కూర్చుంది. లింగమూర్తి కుర్చీలో గుంజలా నిటారుగా కూర్చుని కేకేశాడు.

"ఏమే, జర మంచినీళ్లు తే!"

ఆమె రాగి గంగాళంలో గ్లాసు ముంచి, తెచ్చి ముందు పెట్టింది.

"గివి ఎక్కడియే?"

"గంగాళంలయి. దేవునికి పోసేటియి. తాగు."

లింగమూర్తి గ్లాసు ఎత్తాడు. రోగాలు పోగొట్టే నీళ్లేనని చిన్నప్పటి నుంచీ తాగినవే. కానీ కళ్ల ముందు వెల్లకిలా తేలిన చేపలు కదిలాయి. గ్లాసు దించాడు.

"నల్లా నీళ్లు లెవ్వా?"

"ఉన్నయ్. గని అవి తెలివి తక్కువది పట్టిన నీళ్లు. నా చేతులకెల్లి నీకు గంగాళం నీళ్లే. వద్దంటె నల్లా అగో, ఆడ ఉన్నది."

ఆమె దిగివస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. లేచి పెరట్లోకి పోయి, నల్లా కింద నడుము వంచి దోసిలి పట్టాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ లింగమూర్తి నీళ్లు అట్లాగే తాగాడు.