ఎర్ర ట్యాగు

ప్లాంటులో కరెంటు పని చేసి రిటైరైనవాణ్ణి. వేల వోల్టుల పక్కన నిలబడి టీ తాగిన మనిషిని. అలాంటి నాకు, స్మృతి నగర్ ఇంట్లో పాత కంప్యూటర్ తెర మీద ఒక చిన్న హెచ్చరిక చూడగానే భయం పట్టుకుంది. ఫలానా తేదీతో దీనికి సపోర్టు అయిపోతోందని అందులో ఉంది. అంటే ఏమిటి? ఆ రోజు రాగానే ఇది ఆగిపోతుందా? లోపలున్నవన్నీ పోతాయా?

కంప్యూటర్ పోతే పోయిందనుకుందును. కానీ మా ఆవిడ గొంతు అందులో ఉంది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట పోయింది. నన్ను పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. అంతకుముందు, కుమ్హారిలో కాపురముంటున్న మా అమ్మాయి కోసం పూజ పాటలు పాడి అందులో దాచింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ప్లాంటులో మెషీన్ మీద అనుమానమొస్తే స్విచ్ ఆపి ఎర్ర ట్యాగు కడతాం. కట్టినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తీయకూడదు. ఒకసారి ఎవరో తీశారు. ఆ రోజు చూసింది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేను. అందుకే ఇంట్లోనూ అదే పని చేశాను. ప్లగ్గు పీకేసి, అట్టముక్కకు ఎర్ర రంగు పూసి స్విచ్చుకు కట్టాను. మా ఆవిడ చూసి నెత్తి కొట్టుకుంది. వానలు పోయి చలి వచ్చినా నేను దాని జోలికి పోలేదు.

పండక్కి వచ్చిన అమ్మాయి ట్యాగు చూసి నవ్వింది.

“ఏటిది నాన్నా? సపోర్టు అయిపోతే కంప్యూటర్ ఆగిపోద్దేటి? కొత్త అప్‌డేట్లు రావు, నెట్ పెడితే ఖత్రా, వైరస్‌లొస్తాయి, బస్. అమ్మ పాటలు పెన్‌డ్రైవ్‌లోకి తీసేస్తే సరిపోను కదా!” అంది. తర్వాత నవ్వు ఆపేసింది. “అయినా ఇన్నాళ్ళు బంద్ పెట్టేసినావు. పాతది. లేస్తాదో లేదో.”

కాపాడుతున్నాననుకుని నేనే పాడుచేశానా?

ట్యాగు నేను కట్టిందే, నేనే తీయాలి. ముడి విప్పాను. స్విచ్ వేశాను. లోపల ఫ్యాను గరగరమని తిరిగి ఆగిపోయింది. తెర నల్లగానే ఉంది. పక్క కుర్చీలో మా ఆవిడ కొంగు గుప్పిట్లో నలుపుతోంది. నన్ను చూసి నెత్తి కొట్టుకున్న మనిషికి కూడా భయమేనని అప్పుడు తెలిసింది.

ఫ్యాను మళ్ళీ కదిలింది. తెర వెలిగింది.

అమ్మాయి ముందు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని ఒకటి పెట్టింది. మా ఆవిడ పాడుతోంది. చరణం మధ్యలో పాట ఆగింది.

“ఏవండీ! పాలు పొంగిపోతన్నాయి, సూడండి!”

వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద ఏమీ లేదు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.