చెప్పేసిన సాక్ష్యం

మా ఊళ్లో నా మాటలు నమ్మేది మా చెల్లెలొక్కతే. భీమవరం నుంచి వస్తుంటే దారిలో ఒక రొయ్య మీసం ఊపి లిఫ్ట్ అడిగిందని చెబితే, "ఎక్కించుకున్నావా అన్నయ్యా?" అనేది. ఎక్కించుకున్నాను, హెల్మెట్ లేదని ఇద్దరికీ ఫైన్ వేశారు అనేవాణ్ణి. పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆమె భర్త రొయ్యల చెరువులో నీళ్లు తిప్పే ఏరియేటరు బాగుచేస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు. ఇంటి చుట్టూ చెరువులే. ఎక్కడ ఏరియేటరు ఆగినా ఆమెకు గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, ఊపిరి అందకపోవడం.

చర్చిలో అందరూ ఆమె కోసం పట్టుబట్టి ప్రార్థించారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో ఆడవాళ్లు ఆమె తల మీద చేతులుంచి ఏడ్చేవారు. "విశ్వాసముంచమ్మా, ఆ భయం వదిలిపోద్ది" అనేవారు. మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునేవాళ్లని ఏమనగలం? వాళ్లది ప్రేమే.

ప్రార్థనకు జవాబు వస్తే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. ఒక ఆదివారం మా చెల్లెలు లేచింది. తల మీద చెంగు సర్దుకుని, భయం పూర్తిగా పోయిందని, గదంతా వెలుగు నిండిందని, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు అనిపించిందని చెప్పింది. అందరూ ఒక్క గొంతుతో "స్తోత్రం" అన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. కోతలు కోయడంలో ఆరితేరినవాణ్ణి; సరుకు చూస్తే తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆ వెలుగేంటే?"

"ఏం చెప్పమంటావు? నాకోసం తిండి మానేసి మోకరిస్తున్నారు. ఇంకా తగ్గలేదండీ, ఇంకా తగ్గలేదండీ అని ఎన్నాళ్లు చెప్పను? సిగ్గేసింది."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే రొయ్య కథ చెబుతావు."



ఆ తర్వాత ఆమెను ఎలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. శుక్రవారాల్లో ఇంకెవరి కోసమో ప్రార్థన. నీరసంగా కనిపిస్తే, "సాక్ష్యం చెప్పినదానివి, నీకేంటమ్మా?" అనేవారు. ఇక ఎవరికి చెప్పుకుంటుంది? కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. నేను వెళ్లేసరికి తలుపు వెనక నేల మీద కూర్చుని, గడియ పట్టుకుని వణుకుతోంది. అమ్మగారికి ఫోన్ చేశాను. మా పాస్టరుగారి భార్యను అలాగే పిలుస్తాం. ఆవిడ వచ్చి, పక్కనే నేల మీద కూర్చుంది.

"వందనాలండి. బాగానే ఉన్నానండి" అంది మా చెల్లెలు, పళ్లు టకటకలాడుతుంటే.

"బాగుంటే తలుపు వెనక పనేంటి తల్లీ?"

అప్పుడు భోరుమంది. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడానండి. అందుకే నన్నొదిలేశాడు."

అమ్మగారు బైబిలు వాక్యం ఎత్తలేదు. ఆమె చల్లటి చేతులు తన ఒళ్లో పెట్టుకుంది. "ప్రభువు కూడా ఏడ్చినవాడేనమ్మా. ఏడ్చేవాళ్లని వదిలేస్తాడా? నిన్ను తొందరపెట్టింది మేమే. భయం పోకపోతే పోలేదనే చెప్పుకో, అదీ ప్రార్థనే. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనొస్తాను. మందు మింగితే విశ్వాసం తగ్గిపోదు."

డాక్టరు మందులిచ్చాడు. వచ్చిన ఆదివారం ఆమె మళ్లీ లేచింది. ఎవరూ లేవమనలేదు.

"మొన్న చెప్పింది నిజం కాదండి. నాకింకా భయంగానే ఉంది. మా ఆయన లేడు. నాకు ఉండబుద్ధి కావట్లేదు."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అమ్మగారు వచ్చి ఆమె పక్కన నిలబడింది. తర్వాత కానుకల పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు ఆమెను తప్పుకుని చెప్పుల దగ్గరికి నడిచారు. ఒకావిడ మాత్రం వెనక్కి వచ్చింది. తన దిగులు పోయిందని ఎప్పుడో సాక్ష్యం చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి.

"నీకూ ఛాతీలోనేనా బరువు?" అంది నెమ్మదిగా.

మా చెల్లెలు తలూపింది. ఇద్దరూ అక్కడే కూలబడి, చెంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. చాపలు చుట్టేవాళ్లు వాళ్లు కూర్చున్న చాప వదిలేసి మిగతావి చుట్టుకున్నారు.