మామ చెనక్కాయలు పెట్టిన కాగితం

మా మామగారు పోయి నెల కాలేదు. మదనపల్లె ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి మామ పోయారని చెప్పినప్పుడు, నేను పుంగనూరు ఇంట్లో మామ రాసిన కాగితాన్నే మరోసారి చదువుతున్నాను. నా వేలు పదకొండో వరుస మీద ఆగిపోయింది.

మామ ఒక ప్రైవేటు కాలేజీలో సర్వర్లు చూసేవారు. పిల్లల మార్కులు, హాజరు అన్నీ దాచిపెట్టే పెద్ద కంప్యూటరే సర్వర్. అందులో ఏ ప్రోగ్రాంకు ఎంత మెమరీ ఇవ్వాలో మనమే చెప్పాలి. అది ఎలా చెప్పాలో నేర్పే పుస్తకాలు ఎవరికీ అర్థం కావని ఆయన కోపం. రిటైరయ్యాక, కుప్పంలో ఉన్న ఆ కాలేజీ కోసం తానే తెలుగులో రాయడం మొదలుపెట్టారు. రాసింది అర్థమవుతుందో లేదో చూడటానికి, ఏడో తరగతితో చదువు మానేసిన నన్ను కూర్చోబెట్టారు.

నేను ఏమీ అడగకూడదు. కాగితంలో ఉన్నట్టు ఇంట్లోని పాత కంప్యూటర్‌లో చేస్తూ పోవాలి. ఆయన పక్కన చెనక్కాయలు ఒలుచుకుంటూ నా చేతినే చూసేవారు. చేయి ఎక్కడ ఆగితే ఆ వరుస మీద ఒక కాయ పెట్టేవారు. నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడే నాకు ఆ పద్ధతి ఎంత హాయిగా ఉండేదో! కాయ పడిన ప్రతి వరుసనూ ఆయన తిరగరాసేవారు.

మొదటి రోజు ‘డేటాబేస్‌కు తగినంత మెమరీ ఇవ్వండి’ అని ఉంది. మార్కులు, హాజరు దాచే ప్రోగ్రామే డేటాబేస్. కంప్యూటర్‌లో ఎనిమిది జీబీ ఉంటే ఎనిమిదీ ఇచ్చేశాను. టీవీలాగే దాన్నీ ఒకసారి ఆపి మళ్లీ పెట్టబోతే, డేటాబేస్ అసలు మొదలే కాలేదు. పాడుచేశాననుకుని వంటింట్లోకి పారిపోయాను. మామ బహుమతి గెలిచినంత సంతోషంగా వెనకే వచ్చారు.

“యాల భయపడతాండావమ్మా? చెడగొట్టింది నువ్వు కాదు, కాగితం. తగినంత అంటే ఎంతో రాసినోడికే తెలీదు.”

ఆ వరుస కొట్టేసి ‘ఉన్నదాంట్లో నాలుగో వంతు ఇవ్వండి. ఎనిమిది ఉంటే రెండు’ అని రాశారు. ఈసారి నడిచింది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

కొన్నాళ్లకు ఒక్క కాయ కూడా పడని రోజు వచ్చింది. నేను పొంగిపోయాను. ఆయన మాత్రం గడ్డం గోక్కున్నారు.

“నీకు పని వచ్చేసినాదమ్మా. నీ చేయి ఇంక కాగితాన్ని సూడదు. పని రానోళ్లను ఎతకాల.”

వెతికేలోపే జబ్బుపడ్డారు.

పోయిన వారం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. కొత్త సర్వర్‌లో మామ కాగితం ప్రకారం చేస్తే మార్పులు పట్టడం లేదట, ఇక ఆ కాగితాన్ని పక్కన పడేస్తారట. అదేమిటో చూడటానికి కుప్పం బయలుదేరిన మా ఆయనతో నేనూ వస్తానని అన్నాను. పెళ్లయ్యాక నేను అడిగిన మొదటి ప్రయాణం అది.

కాలేజీ కంప్యూటర్ గదిలో కొత్తగా పనిలో చేరిన వాళ్లు ఇద్దరున్నారు. వాళ్లలో ఒకాయన మా ఆయనతో, “ఏమప్పా, ఇంటామెను పిలుచుకొచ్చినావు, సర్వర్‌కు దిష్టి తీస్తాదా?” అన్నాడు.

నేను మామ కాగితం తెరిచాను. పక్కనున్న పాత కంప్యూటర్‌లో ఒక్కో వరుసా చేసుకుంటూ పోయాను. పదకొండో వరుసలో సేవ్ చేయమని ఉంది. చేశాను. వెంటనే నా చేయి దానంతట అదే ఇంకో పని చేయబోయింది. కాగితం చూస్తే ఆ పని అందులో లేదు.

“సార్, ఈడ ఒక వరుస లేదు,” అన్నాను. “సేవ్ చేసినాక డేటాబేస్‌ను ఆపి, మళ్లా మొదలుపెట్టాల, అప్పుడే మార్పు పట్టేది. నాకు అలవాటైపోయి, కాగితం సూడకుండానే చేస్తా ఉన్నాను. మామకు తెలీకపాయ.”

సర్వర్‌లో అలాగే చేశారు. మార్పు పట్టింది! దిష్టి అన్నాయనే తన పెన్ను తీసి ఇచ్చాడు. మామ అక్షరాల కింద నా అక్షరాలతో ఆ వరుస రాశాను.

తర్వాత గది ఊడ్చే అక్కను పిలిచి, పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కాగితం చేతికిచ్చాను. ఏమీ అడగొద్దని చెప్పాను. సంచిలోంచి ఒక చెనక్కాయ తీసి గుప్పిట్లో పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆమె పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. వేలు పదకొండో వరుస దాటింది, నేను రాసిన దాని మీదికి వచ్చింది, మెల్లగా ముందుకు సాగింది. కాయ నా గుప్పిట్లోనే ఉండిపోయింది.